రెండు లోహాలు కలిసే చోట

అతివాహకాన్ని, సామాన్య లోహాన్ని ఒకదానికొకటి ఆనించి ఉంచితే, ఆ సరిహద్దున ఎలక్ట్రాను ఏం చేస్తుంది? ఈ చిన్న ప్రశ్న ఒక విద్యార్థిని నోబెల్ విజేతకు ఎదురు నిలిపింది. మెదడులోని అతిసూక్ష్మమైన అలజడిని సైతం పసిగట్టగల పరికరాన్ని మానవుడి చేతికి అందించింది.

1962 సెప్టెంబరులో లండన్ నగరంలోని క్వీన్ మేరీ కళాశాలలో అల్ప ఉష్ణోగ్రతల భౌతికశాస్త్రంపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. అనేక దేశాల నుండి వచ్చిన శాస్త్రజ్ఞుల ఎదుట ఇద్దరు వ్యక్తులు ఒకే విషయంపై పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు వెలిబుచ్చారు. వారిలో ఒకరు జాన్ బార్డీన్. అప్పటికి ఆయన వయస్సు 54. ట్రాన్సిస్టరును కనిపెట్టినందుకు 1956లో నోబెల్ బహుమతి పొందినవారు. అతివాహకత అనే చిక్కుముడిని విప్పిన సిద్ధాంతకర్తలలో ఒకరు. రెండవవాడు బ్రయన్ జోసెఫ్‌సన్. వయస్సు 22. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇంకా డాక్టరేటు పట్టమైనా పుచ్చుకొనని విద్యార్థి.

వివాదాంశం పైకి చాలా స్వల్పంగా కనిపిస్తుంది. రెండు అతివాహకాల మధ్య విద్యుత్తును పోనివ్వని పలుచని పొర ఒకటి ఉన్నది. ఆ పొరను ఎలక్ట్రానులు జంటలుగా దాటగలవా, దాటలేవా? దాటగలవని విద్యార్థి గణితం చెబుతోంది. అది అసంభవమని బార్డీన్ అంతకు కొద్దికాలం క్రితమే అచ్చులో ప్రకటించారు. ఇద్దరిలో ఒకరు పొరబడి ఉండాలి.

ఎవరు పొరబడ్డారో తేలడానికి ఏడాది పట్టలేదు. కాని ఆ తగవు ఎందుకు వచ్చిందో గ్రహించాలంటే లోహాలలో ఎలక్ట్రానుల నడవడిని కొంత తెలుసుకోవలసి ఉంటుంది.

జంటలకే ప్రవేశం

రాగితీగలో విద్యుత్తు ప్రవహించడమంటే అసంఖ్యాకమైన ఎలక్ట్రానులు ఒక దిశగా సాగడమే. దారిలో అవి కంపించే పరమాణువులతోనూ, లోహంలోని మలినాలతోనూ ఢీకొని శక్తిని పోగొట్టుకొంటాయి. విద్యుత్తుకు నిరోధం కలిగేది ఇందువల్లనే. తీగ వేడెక్కేదీ ఇందువల్లనే.

1911లో హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయంలో హైకె కామర్లింగ్ ఓనెస్ ద్రవహీలియం సహాయంతో పాదరసాన్ని చల్లబరుస్తూ పోయారు. సున్నాకు దిగువన సుమారు 269 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని నిరోధం ఒక్కసారిగా మాయమైంది. తగ్గడం కాదు, పూర్తిగా అదృశ్యం కావడం! సీసం, తగరం, అల్యూమినియం, నయోబియం మొదలైన లోహాలకు కూడ ఈ గుణం ఉన్నదని తరువాత తెలిసింది. దీనికే అతివాహకత అని పేరు.

దీనికి కారణం చెప్పడానికి 46 సంవత్సరాలు పట్టింది. 1957లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బార్డీన్, లియోన్ కూపర్, రాబర్ట్ ష్రీఫర్ కలిసి ఆ కారణాన్ని వివరించారు. ఒక ఎలక్ట్రాను లోహంలో సాగిపోతున్నప్పుడు చుట్టూ ఉన్న ధనావేశ అయానులను కొద్దిగా తనవైపు లాగుతుంది. ఆ లాగుడు మరొక ఎలక్ట్రానును ఆకర్షిస్తుంది. ఆ విధంగా, సహజంగా పరస్పరం వికర్షించుకొనే రెండు ఎలక్ట్రానులు జంట కడతాయి. ఇటువంటి జంటలన్నీ ఒకే తరంగంలా ఏకతాళంతో నడుస్తాయి. ఒంటరి ఎలక్ట్రానును పక్కకు నెట్టే చిన్న మలినం ఈ సామూహిక గమనాన్ని చెదరగొట్టలేదు. అందువల్లనే నిరోధం ఉండదు.

జంటను విడదీయాలంటే కొంత శక్తిని వెచ్చించాలి. దీని ఫలితంగా అతివాహకంలో ఒంటరి ఎలక్ట్రానులకు నిషిద్ధమైన ఒక శక్తి అంతరం ఏర్పడుతుంది. వ్రతం పీటలపై దంపతులే కూర్చొంటారు. ఒంటరిగా వచ్చినవారికి ఆ పీటలపై చోటు లేదు. అల్పశక్తితో వచ్చే ఒంటరి ఎలక్ట్రానుకు అతివాహకంలో చోటు లేకపోవడం అటువంటిదే.

గాజుపలకపై ప్రయోగం

ఈ శక్తి అంతరాన్ని కొలిచే సులభమైన మార్గం కనుగొన్నది ఒక మెకానికల్ ఇంజనీరు. నార్వేలో జన్మించిన ఐవార్ గ్యేవర్ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో పనిచేస్తూ, సమీపంలోని రెన్‌సలేర్ విద్యాసంస్థలో భౌతికశాస్త్రం అభ్యసించేవారు. అక్కడి తరగతిలో అతివాహకాల శక్తి అంతరం గురించి విన్న వెంటనే, తాను చేస్తున్న ప్రయోగాలతోనే దానిని చూడవచ్చునని ఆయనకు తోచింది.

ప్రయోగం చూడడానికి ఎంతో నిరాడంబరమైనది. ఒక గాజుపలకపై అల్యూమినియాన్ని ఆవిరి చేసి పలుచని పట్టీగా పూశారు. గాలి తగిలితే దానిపై ఆక్సైడు పొర తనంతట తానే ఏర్పడుతుంది. దాని మందం మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో రెండు మూడు వంతులు మాత్రమే. ఆ పొరపై అడ్డంగా సీసపు పట్టీని పూశారు. ఆక్సైడు విద్యుద్బంధకం. అయినా క్వాంటం నియమాల ప్రకారం ఎలక్ట్రానుకు తరంగ స్వభావం ఉన్నందువల్ల, అంత పలుచని గోడను అది అప్పుడప్పుడు దాటి అవతల తేలుతుంది. కొండకు సొరంగం తవ్వి వెళ్ళినట్లుండే ఈ క్రియకు టన్నెలింగ్ అని పేరు.

1960లో గ్యేవర్ ఆ పలకను ద్రవహీలియంలో ముంచారు. సీసం అతివాహకంగా మారగానే స్వల్ప వోల్టేజి వద్ద ప్రవాహం దాదాపు ఆగిపోయింది. వోల్టేజిని ఒక మిల్లీవోల్టు పైకి పెంచేసరికి ఒక్కసారిగా ఎగబాకింది. బార్డీన్ బృందం కాగితంపై లెక్కించిన శక్తి అంతరం ఒక మామూలు వోల్టుమీటరు ముల్లుపై ప్రత్యక్షమైంది.

ఆ రోజులలో కొన్ని పలకలలో వోల్టేజి ఏమీ లేకుండానే ప్రవాహం కనిపించేది. ఆక్సైడులో చిల్లు పడి రెండు లోహాలు తగులుకొన్నాయని భావించి గ్యేవర్, ఇతర పరిశోధకులు అటువంటి పలకలను పక్కన పడవేసేవారు. వాటిలో కొన్నింటిలోనైనా మరొక నోబెల్ బహుమతి దాగి ఉండేదని వారికి అప్పుడు తెలియదు.

శిష్యుడి లెక్క

కేంబ్రిడ్జిలో జోసెఫ్‌సన్‌కు మార్గదర్శకుడు బ్రయన్ పిప్పార్డ్. జంట ఎలక్ట్రానుల టన్నెలింగును గురించి ఆయన అప్పటికే ఆలోచించి, అది కనిపించనంత స్వల్పమని నిర్ణయించారు. ఆ వాదన సమంజసంగానే ఉండేది. ఒక ఎలక్ట్రాను గోడను దాటే అవకాశం కోటికొక్కటి అనుకొంటే, రెండు ఒకేసారి దాటే అవకాశం కోటిలో మరల కోటవ వంతు కావాలి కదా!

కాని అతివాహకంలోని జంటలు వేరువేరుగా పాచికలు వేసే ఇద్దరు జూదగాళ్ళ వంటివి కావు. అవన్నీ ఒకే తరంగంలో భాగాలు. గోడకు ఇరువైపులా ఉన్న తరంగాల తాళం మధ్య భేదమే ప్రవాహాన్ని నిర్ణయిస్తుందని, జంట దాటే అవకాశం ఒంటరి ఎలక్ట్రాను దాటే అవకాశంతో సరితూగుతుందని జోసెఫ్‌సన్ గణితం తేల్చింది. ఆ సంవత్సరం కేంబ్రిడ్జికి అతిథిగా వచ్చి పాఠాలు చెబుతున్న అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఫిలిప్ ఆండర్సన్‌కు అతడు తన లెక్కలు చూపాడు. పాఠంలో ఏ చిన్న తప్పు దొర్లినా తరగతి ముగిసిన తరువాత వచ్చి వివరించే ఈ విద్యార్థి శక్తి ఆండర్సన్‌కు అప్పటికే తెలుసు. 1962 జూలైలో జోసెఫ్‌సన్ వ్యాసం అచ్చయింది.

దానిలో రెండు జోస్యాలున్నాయి. మొదటిది: వోల్టేజి లేకుండానే బంధకపు పొర గుండా ప్రవాహం సాగుతుంది. రెండవది: వోల్టేజిని ప్రయోగిస్తే ప్రవాహం అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఒక మైక్రోవోల్టుకు సెకనుకు సుమారు 48 కోట్ల 36 లక్షల సార్లు! ఈ సంఖ్య లోహంపై గాని, పొర మందంపై గాని ఆధారపడదు. ఎలక్ట్రాను ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం అనే రెండు ప్రకృతి స్థిరాంకాలే దానిని నిర్ణయిస్తాయి.

ఎలక్ట్రానుల జతకట్టు బంధకపు పొరలోనికి వ్యాపించదని, కనుక అటువంటి ప్రవాహానికి ఆస్కారం లేదని బార్డీన్ వాదన. జంటల సిద్ధాంతాన్ని నిర్మించిన వ్యక్తే ఆ మాట అంటే కాదనగలవారెవరు? లండన్ సదస్సులో విద్యార్థి తన పట్టు విడువలేదు; ఆచార్యుడూ విడువలేదు.

తీర్పు ప్రయోగశాల నుండి వచ్చింది. ఆండర్సన్ అమెరికాకు తిరిగి వెళ్ళి, బెల్ పరిశోధనశాలలో జాన్ రోవెల్‌తో కలిసి తగరం, సీసం పట్టీల సంధిని పరీక్షించారు. వోల్టేజి లేని ప్రవాహం కనిపించింది. అది చిల్లు గుండా వచ్చినది కాదనడానికి వారికొక గట్టి ఆధారం దొరికింది: అతి స్వల్పమైన అయస్కాంత క్షేత్రం సోకినా ఆ ప్రవాహం అణగిపోయింది. లోహపు తగులుడు అంత సుకుమారంగా ఉండదు. 1963లో ఈ ఫలితం వెలువడింది. అదే సంవత్సరం సిడ్నీ షపీరో అనే మరొక పరిశోధకుడు రెండవ జోస్యానికి కూడ నిదర్శనం చూపించారు. బార్డీన్ తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకొన్నారు. అంతటితో ఆగక, తరువాతి కాలంలో జోసెఫ్‌సన్‌ను నోబెల్ బహుమతికి సిఫారసు చేసినవారిలో ఆయన కూడ ఒకరయ్యారు. 1973లో ఆ బహుమతిని జోసెఫ్‌సన్, గ్యేవర్, జపాను శాస్త్రజ్ఞుడు లియో ఎసాకి పంచుకొన్నారు. దానికి ముందు సంవత్సరమే అతివాహకతా సిద్ధాంతానికి గాను బార్డీన్ రెండవ నోబెల్ బహుమతి అందుకొన్నారు. భౌతికశాస్త్రంలో రెండుసార్లు ఆ గౌరవం పొందినవారు ఆయన ఒక్కరే.

వచ్చిన దారినే వెనుకకు

నడుమ బంధకపు పొర ఏదీ లేకుండా, రాగి వంటి సామాన్య లోహం నేరుగా అతివాహకాన్ని తాకితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మాస్కోలో దొరికింది.

కొన్ని అతివాహకాలను తగిన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, వాటిలో సామాన్య స్థితి పొరలు, అతివాహక స్థితి పొరలు ఒకదాని తరువాత ఒకటిగా ఏర్పడతాయి. అటువంటి లోహం వేడిని ఊహించినంతగా పోనివ్వడం లేదని ప్రయోగాలలో బయటపడింది. పొరల సరిహద్దుల వద్ద ఏదో వేడిని అడ్డగిస్తోంది. విద్యుత్తుకు లేని అడ్డంకి వేడికి ఎందుకు?

1964లో భౌతిక సమస్యల పరిశోధనాలయానికి చెందిన అలెగ్జాండర్ అంద్రేయెవ్ దీనికి సమాధానం చెప్పారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడ నిండలేదు. అల్పశక్తి గల ఎలక్ట్రాను సామాన్య లోహంలో ప్రయాణించి సరిహద్దును చేరుతుంది. శక్తి అంతరం కారణంగా ఒంటరిగా లోనికి పోలేదు. మామూలు గోడ వలె దానిని వెనుకకు నెట్టే అడ్డంకి కూడ అక్కడ లేదు. అప్పుడది సామాన్య లోహంలోని మరొక ఎలక్ట్రానును తోడు తీసుకొని, జంటగా అతివాహకంలో ప్రవేశిస్తుంది. తోడుగా వెళ్ళిన ఎలక్ట్రాను ఖాళీ చేసిన స్థానం ఒక రంధ్రంగా మిగిలిపోతుంది.

సినిమాహాలు టిక్కెట్ల వరుసలో ముందున్న వ్యక్తి లోపలికి వెళ్ళగానే అతని వెనుకనున్నవాడు ఒక అడుగు ముందుకు వేస్తాడు; ఆ వెనుకవాడు మరొక అడుగు. మనుషులు ముందుకు జరుగుతూ ఉంటే ఖాళీ వెనుకకు ప్రయాణిస్తుంది. లోహంలో రంధ్రం కూడ అదే విధంగా ధనావేశం గల కణంలా ప్రవర్తిస్తూ వెనుదిరుగుతుంది.

అది తిరిగివచ్చే తీరు మరీ విచిత్రం. గోడకు ఏటవాలుగా విసిరిన బంతి మరొక పక్కకు ఎగిరిపోతుంది. అద్దంపై పడిన వెలుగూ అంతే. కాని ఇక్కడ రంధ్రం ఎలక్ట్రాను వచ్చిన దారినే, దాదాపు అడుగులో అడుగు వేసుకొంటూ వెనుకకు పోతుంది. ఎటునుండి విసిరినా విసిరినవాని చేతికే తిరిగివచ్చే బంతి వంటిది ఇది. దీనికి అంద్రేయెవ్ పరావర్తనం అని పేరు వచ్చింది.

వేడి సమస్య దీనితో విడిపోయింది. ఎలక్ట్రాను తెచ్చిన అదనపు శక్తిని రంధ్రం వెనుకకు మోసుకొనిపోతుంది. కనుక ఆవేశం సరిహద్దును దాటుతుంది, వేడి దాటదు. మరొక ఫలితం కూడ ఉన్నది. వచ్చినది ఒక ఎలక్ట్రాను, దాటినవి రెండు. అందువల్ల పరిశుభ్రమైన సంధి గుండా, అల్ప వోల్టేజి వద్ద, విద్యుత్తు మామూలుకంటె రెండింతలు సులభంగా ప్రవహిస్తుంది. నడుమ మలినపు పొర ఉంటే ఈ లాభం తగ్గిపోతుంది. గోడ మందమైతే గ్యేవర్ చూసిన టన్నెలింగ్ మాత్రమే మిగులుతుంది. ఈ రెండు కొసల మధ్య ఉన్న అన్ని సంధులనూ ఒకే సూత్రంలో ఇమిడ్చి బ్లోండర్, టింకమ్, క్లాప్‌వెక్ 1982లో ప్రకటించిన సిద్ధాంతం నేటికీ పరిశోధకుల చేతిలో కొలబద్దగా ఉపయోగపడుతోంది.

సరిహద్దున మార్పు సామాన్య లోహంలోనూ కలుగుతుంది. జంటల తాళం కొంత దూరం వరకు రాగిలోనికి కూడ పాకుతుంది. తగినంత చల్లగా ఉంటే ఆ దూరం మిల్లీమీటరులో వెయ్యవ వంతు వరకు ఉండవచ్చు. స్వయంగా అతివాహకం కాని రాగి, పొరుగువాని సహవాసం వల్ల అతివాహక లక్షణాలను అరువు తెచ్చుకొంటుంది.

ఇనుము వంటి అయస్కాంత లోహంలో మాత్రం ఈ స్నేహం కుదరదు. సామాన్యంగా జంట కట్టవలసిన రెండు ఎలక్ట్రానుల స్పిన్‌లు పరస్పరం వ్యతిరేకంగా ఉండాలి. అయస్కాంత లోహంలో ఒక రకం స్పిన్ గల ఎలక్ట్రానులు ఎక్కువ, రెండవ రకం తక్కువ. ఈడుజోడు దొరకనివి వెనుకకు మళ్ళవలసిందే. అంద్రేయెవ్ పరావర్తనం ఎంత తగ్గిందో చూసి, ఆ లోహంలో ఎలక్ట్రానుల స్పిన్‌లు ఎంతవరకు ఒకవైపే మొగ్గి ఉన్నాయో లెక్కకట్టవచ్చునని 1998లో అమెరికాలో రెండు బృందాలు నిరూపించాయి. ఒకప్పుడు పాటల కేసెట్ల టేపుపై పూతగా వాడిన క్రోమియం డయాక్సైడులో ఆ మొగ్గు సుమారు 90 శాతమని తేలింది.

సంధి నుండి ఆసుపత్రికి

జోసెఫ్‌సన్ సంధులు రెండింటిని ఒక వలయంలో అమర్చితే, ఆ వలయం గుండా పోయే అయస్కాంత క్షేత్రంలో అత్యల్పమైన మార్పు సైతం విద్యుత్ప్రవాహంలో కనిపిస్తుంది. 1964లో ఫోర్డ్ మోటారు కంపెనీ పరిశోధనశాలలో ఈ సంగతి రుజువైంది. ఆ పరికరమే స్క్విడ్. కేంబ్రిడ్జిలో జాన్ క్లార్క్ అనే విద్యార్థి ఇటువంటి దానిని మరింత సులువుగా తయారుచేశాడు: నయోబియం తీగపై ఒక టంకం బొట్టు! తీగపై సహజంగా ఏర్పడే ఆక్సైడే బంధకపు పొర. సీసం, తగరం కలిసిన టంకమే రెండవ అతివాహకం.

మెదడులోని నాడీకణాలలో పుట్టే విద్యుత్తు వల్ల ఏర్పడే అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రంలో కొన్ని కోట్లవ వంతు మాత్రమే. 1972లో డేవిడ్ కోహెన్ స్క్విడ్ సహాయంతో దానిని స్పష్టంగా నమోదు చేయగలిగారు. నేడు మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేయడానికి ముందు, మెదడులో మూర్ఛకు మూలమైన చోటును గుర్తించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతోంది. కపాలాన్ని తెరవవలసిన పని లేదు. రోగి తల శిరస్త్రాణం వంటి పరికరంలో ఉంటే చాలు. మనదేశంలో కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం స్క్విడ్‌లను స్వయంగా తయారుచేసి, గుండె, మెదడుల అయస్కాంత క్షేత్రాలను కొలిచే పరికరాలను నిర్మించింది.

జోసెఫ్‌సన్ రెండవ జోస్యం వోల్టుకే ప్రమాణమైంది. సెకనుకు ఎన్ని ఊగిసలాటలో లెక్కించగలిగితే వోల్టేజి ఎంతో తెలిసిపోతుంది. 2019 మే 20 నుండి ఎలక్ట్రాను ఆవేశానికీ, ప్లాంక్ స్థిరాంకానికీ అంతర్జాతీయంగా ఖచ్చితమైన విలువలు స్థిరపరచిన తరువాత ఈ ప్రమాణం మరింత దృఢపడింది.

తొందరపాటుకు మూల్యం

సరిహద్దు అన్నివేళలా నిజమే చెబుతుంది. దానిని చదివేవారే పొరబడతారు.

ఒక కణం తనకు తానే ప్రతికణం కావచ్చునని 1937లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎట్టోరె మయొరానా ఊహించారు. అర్ధవాహకపు సన్నని తీగను అతివాహకానికి ఆనించి అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ఆ తీగ కొసల వద్ద మయొరానా కణాన్ని పోలిన స్థితులు ఏర్పడగలవని 2010లో రెండు బృందాలు లెక్కకట్టాయి. వాటిలో ఒకదానిలో కలకత్తాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శంకర్ దాస్ శర్మ ఉన్నారు. ఆ స్థితులతో సులభంగా చెదరిపోని క్వాంటం కంప్యూటరును నిర్మించవచ్చునని ఆశ. వాటి గుర్తు ఏమంటే, వోల్టేజి సున్నా వద్ద అంద్రేయెవ్ పరావర్తనం పరిపూర్ణమై, విద్యుద్వాహకత ఒక నిర్దిష్టమైన విలువను చేరాలి.

2018లో హాలెండులోని డెల్ఫ్ట్ నుండి ఒక బృందం ఆ విలువను కనుగొన్నామని ప్రసిద్ధ పత్రిక నేచర్‌లో ప్రకటించింది. ప్రపంచమంతటా సంచలనం కలిగింది. కాని ఇతర పరిశోధకులు కొలతలన్నిటినీ తెప్పించుకొని పరిశీలించగా, వ్యాసంలో చేరని కొలతలు ఆ నిర్ణయాన్ని సమర్థించడం లేదని తేలింది. తీగలోని సామాన్యమైన లోపాల వల్ల కూడ అటువంటి శిఖరం కనిపించవచ్చు. 2021 మార్చిలో రచయితలు ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొని, తగినంత శాస్త్రీయమైన పట్టుదల చూపనందుకు క్షమాపణ చెప్పారు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ మార్గంలోనే ఒక చిప్‌ను ప్రకటించినప్పుడు నిపుణులు అనేకులు సందేహం వెలిబుచ్చడంలో వింత లేదు.

కాగా జోసెఫ్‌సన్ సంధి మార్గం నిలకడగా ముందుకు సాగింది. టంకం బొట్టుతో పరికరం చేసిన జాన్ క్లార్క్ తరువాత కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆచార్యులయ్యారు. అక్కడ 1984, 1985 సంవత్సరాలలో ఆయన మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లతో కలిసి, ఒక్క ఎలక్ట్రానే కాదు, కోట్లాది జంటలు పాల్గొనే విద్యుద్వలయం మొత్తం కూడ క్వాంటం నియమాల ప్రకారం గోడను దాటగలదని చూపారు. ఆ ముగ్గురికీ 2025లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నేటి అతివాహక క్వాంటం కంప్యూటర్లకు పునాది ఈ ప్రయోగాలే. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలోనూ ఇటువంటి సంధులతో ప్రాసెసర్లు తయారవుతున్నాయి. అమరావతిలో నెలకొల్పనున్నట్లు 2025లో ప్రకటించిన ఐ.బి.ఎం. క్వాంటం కంప్యూటరు కూడ ఈ జాతికి చెందినదే.

వీటిలో ఏ ప్రాసెసరునైనా తెరిచి అత్యంత శక్తిమంతమైన సూక్ష్మదర్శినితో చూస్తే, దాని గుండెకాయ వద్ద సాధారణంగా కనిపించేది రెండు అల్యూమినియం పట్టీలు, వాటి నడుమ ఒక ఆక్సైడు పొర. 1960లో ఐవార్ గ్యేవర్ గాజుపలకపై గాలి తగలనిచ్చి ఏర్పరచిన పొరా అదే. ఆచార్యుడు కాదన్నా జంటలు దాటుతాయని జోసెఫ్‌సన్ పట్టుబట్టిన గోడా అటువంటిదే.